మొక్కల కంచె, చిన్న చెట్ల కటింగ్‌కి ఏ నిచ్చెన కొనాలి? స్పెసిఫికేషన్స్‌లో చూడాల్సినవి ఇవే

హెడ్జ్ ట్రిమ్మర్ కొనేటప్పుడు బ్యాటరీ ఎన్ని వోల్టులు, బ్లేడ్ పొడవెంత అని పది రకాలుగా చూస్తాం. దాన్ని పట్టుకుని ఎక్కే నిచ్చెన విషయానికి వచ్చేసరికి మాత్రం, ఇంట్లో ఫ్యాన్ తుడవడానికి వాడేదాన్నే బయటికి తెచ్చేస్తాం. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఇంట్లో వాడే నాలుగు కాళ్ళ నిచ్చెన టైల్స్ మీద బాగానే నిలబడుతుంది. అదే నీళ్ళు పెట్టిన మట్టిలో వేస్తే ఒక కాలు దిగిపోతుంది, ఇంకోటి గాల్లో ఉంటుంది. పైగా కంచె ముందు దాన్ని ఎదురుగా వేయలేం, వెనక కాళ్ళు రెండూ మొక్కలకి అడ్డం పడతాయి. అందుకని పక్కకి పెట్టి నడుము తిప్పి కోస్తుంటాం. ఇలాంటి నిచ్చెన పక్కకి ఒరిగేది సరిగ్గా అప్పుడే.

దీనికి పరిష్కారం ట్రైపాడ్ నిచ్చెన. జపాన్ తోటమాలులు ఎప్పటినుంచో వాడుతున్నది ఇదే. హసెగావా, హెంచ్‌మ్యాన్ లాంటి కంపెనీలు ప్రత్యేకంగా తయారుచేస్తున్నాయి. కింద వెడల్పుగా రెండు కాళ్ళు, వెనక ఒకే ఒక్క పొడవాటి కాలు ఉంటాయి. ఆ మూడో కాలు కొమ్మల మధ్యలోంచి లోపలికి దూరిపోతుంది కాబట్టి మీరు కంచెకి ఎదురుగా నిలబడి కోసుకోవచ్చు. ఎగుడుదిగుడు నేల అయితే కాళ్ళ పొడవు మార్చుకునే మోడల్ తీసుకోండి. వాలు నేల మీద మూడో కాలు ఎగువ వైపు ఉండాలి. ఒక మైనస్ కూడా ఉంది: దీని కాళ్ళు మెత్తటి నేల కోసం చేసినవి. సిమెంటు గచ్చు మీద జారతాయి, రబ్బరు తొడుగులు లేకుండా అక్కడ వాడకండి.

ఎత్తు సంగతి ఫోన్ కెమెరాలో మెగాపిక్సెల్ లాంటిదే, పెట్టె మీది అంకె చూసి మురిసిపోతే లాభం లేదు. 6 అడుగుల స్టెప్ ల్యాడర్‌లో పై రెండు మెట్ల మీద నిలబడకూడదు, అంటే మీ పాదాలు ఉండేది సుమారు 4 అడుగుల ఎత్తులో. ట్రిమ్మర్‌ని నడుముకీ భుజానికీ మధ్య పట్టుకుని పనిచేయాలి కాబట్టి, మామూలు ఎత్తు మనిషికి హాయిగా అందేది ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగులే. రెండు చేతులూ మెషీన్ మీదే ఉంటాయి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే వెడల్పాటి మెట్లు, పైన నిలబడే ప్లాట్‌ఫామ్, మోకాళ్ళకి ఆనే రైలు ఉంటే కాస్త ఎక్కువ పెట్టినా దండగ కాదు.

లోడ్ లెక్కలో మీ బరువుతో పాటు చేతిలోని మెషీన్ కూడా ఉంటుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 131 ప్రకారం పరిమితి 150 కిలోలు. అమెరికాలో ఉన్నవాళ్ళు లేబుల్ మీద టైప్ చూడాలి: టైప్ 2 అంటే 225 పౌండ్లు, టైప్ 1ఏ అంటే 300.

ఇక చెట్టుకి ఆనించే సింగిల్ నిచ్చెన. ప్రతి 4 అడుగుల ఎత్తుకి అడుగు చొప్పున కింద దూరం ఉండాలి. అయితే కొమ్మకి ఆనించి అదే కొమ్మ కోస్తే? బరువు తెగిపడగానే మిగిలిన భాగం పైకి లేస్తుంది, నిచ్చెనకి ఆధారం పోతుంది. టెలిస్కోపిక్ నిచ్చెన కారు డిక్కీలో పట్టేస్తుంది, నిజమే. కానీ మట్టి, ఆకుల చెత్త దాని జాయింట్లలో చేరితే లాక్ సరిగా పడదు. తోట పనికి నేనైతే సిఫార్సు చేయను.

కాంపౌండ్ గోడ పక్కనే కరెంటు తీగలు వెళ్తుంటే అల్యూమినియం అసలు వద్దు, ఫైబర్ గ్లాస్ తీసుకోండి. అది కూడా పొడిగా, శుభ్రంగా ఉన్నంతవరకే భద్రం. తీగకి తగులుతున్న పచ్చి కొమ్మలోంచీ కరెంటు వస్తుంది కాబట్టి, దాన్ని ఏ నిచ్చెనతోనూ ముట్టుకోకుండా విద్యుత్ శాఖ వాళ్ళని పిలవాలి.

చివరిగా ఒక మాట, కొన్ని చెట్లకి నిచ్చెనే అక్కర్లేదు. మునగ కొమ్మ ఎంత పెళుసో తెలిసిందే, మనిషిని మునగచెట్టు ఎక్కించడం అనే మాట ఊరికే పుట్టలేదు. దానికి కింద నిలబడే వాడే పోల్ ప్రూనర్ చాలు. జామ, నిమ్మ లాంటివాటికి కూడా ముందు అది ప్రయత్నించి, అందని కొమ్మలు ఉంటేనే ట్రైపాడ్ గురించి ఆలోచించండి.