గాజుతొట్టిలో నీటిమొక్కలు

వానకాలము వెళ్ళి నీరు తేటపడగానే భువనగిరి ప్రాంతపు చెరువులలో అడుగున పచ్చని నాచు అల్లుకొనుట కనిపించును. దీనిలో తరచుగా దొరకునది హైడ్రిల్లా. వాడుకలో నాచు అన్నను, ఇది వేరు, కాండము, ఆకు, పువ్వు గల సంపూర్ణమైన మొక్కయే. కిరణజన్య సంయోగక్రియలో ఆమ్లజని వెలువడునని చూపుటకు ఉన్నత పాఠశాలలలో గరాటు క్రింద ఉంచి, పైన పరీక్షనాళికను బోర్లించునది దీనినే.

ప్రయోగము ముగిసిన పిమ్మట ఉత్సాహవంతులైన విద్యార్థులు ఆ మొక్కను గాజుతొట్టిలో వేసి రెండు చేపలను విడుతురు. పది పదునైదు దినములలో ఆకులు గోధుమరంగుకు తిరిగి మెత్తబడును, నీరు వాసన వేయును, ఒకనాటి ఉదయము చేపలు తేలిపోవును. మొక్క సుకుమారమైనదని అందరును అనుకొందురు. కాని చెరువులకు చెరువులనే కప్పివేయు మొక్క సుకుమారమైనదెట్లగును? చెరువులో దానికి లభించిన వానిలో ఏదో ఒకటి తొట్టిలో లోపించి యుండవలెను.

ముందుగా వెలుతురు. ఆకులను నీటిలో ముంచినప్పుడు ఎండ తగిలిన పచ్చని భాగముల నుండి మాత్రమే శుద్ధమైన వాయువు బుడగలుగా వచ్చునని యాన్ ఇంగెన్‌హౌస్ 1779లో ప్రకటించెను. మన దేశములో జగదీశ చంద్ర బోసు ఈ హైడ్రిల్లానే తీసికొని, దాని బుడగలు తమంతట తామే నమోదగు యంత్రమును నిర్మించి, ఆ పరిశోధనలను 1924లో గ్రంథముగా వెలువరించెను. బుడగల వేగము వెలుతురును బట్టి మారును. మధ్యాహ్నపు ఎండలో ఆరుబయట వెలుతురు సుమారు 1,00,000 లక్స్ ఉండగా, తరగతి గది మూలలో కొన్ని వందల లక్స్‌కు మించదు. మన కన్ను సర్దుకొనును గనుక ఆ మూల మనకు వెలుతురుగానే తోచును. మొక్కకు మాత్రము అది ఉపవాసమే. తొట్టిని తూర్పు లేక ఉత్తరపు కిటికీ దగ్గర ఉంచవలెను. పడమటి ఎండ నేరుగా తగిలినచో నీరు కాగుటయే గాక, కంటికి కనిపించని శైవలాలు పెరిగి నీరంతయు పచ్చబడును. కిటికీ అనుకూలముగా లేనిచో తెల్లని ఎల్.ఇ.డి. దీపమును రోజుకు ఎనిమిది నుండి పది గంటలు వెలిగించిన చాలును. ఇరువది గంటలు వెలిగించుట వలన లాభపడునది శైవలాలే.

ఇక నీరు. నల్లా నీటిలో సూక్ష్మజీవులను చంపుటకు క్లోరిన్ కలుపుదురు. అది చేపల మొప్పలకు హాని చేయును. వెడల్పైన పాత్రలో ఒక దినము మూత లేకుండ ఉంచి వాడవలెను. బోరునీటిలో సాధారణముగా క్లోరిన్ ఉండదు గాని, ఈ రాతినేలలలో అది తరచుగా కఠిన జలము. వంటపాత్రలలో తెల్లని పొర కట్టు ఆ నీరు మొక్కలకు పనికిరాదని పలువురి భయము. ఇక్కడొక విశేషము కలదు. నేలపై మొక్క బొగ్గుపులుసు వాయువును గాలి నుండి గ్రహించును. నీటిలో ఆ వాయువు చాల మెల్లగా వ్యాపించుటచే నీటిమొక్కకు అది ఎప్పుడును కొరతయే. హైడ్రిల్లా, రిబ్బను వంటి ఆకులుగల వాలిస్నేరియా ఈ కొరతకు ఉపాయము నెరిగినవి: కఠిన జలములో కరిగియున్న బైకార్బొనేటు నుండియే కర్బనమును తీసికొనగలవు. అప్పుడు మిగిలిన సున్నము ఆకులపై తెల్లని గరుకుపొరగా నిలుచును. దానిని తెగులని భ్రమపడి మొక్కలను పారవేయరాదు. కనుక వాయువును సిలిండరుతో అందింపుమను సలహా ఈ రెండు మొక్కలతో ఆరంభించు వారికి అవసరము లేదు, డబ్బు దండుగ.

తొట్టి అడుగున ఒక అంగుళము చెరువు ఒండ్రు, దానిపై రెండంగుళముల కడిగిన ఇసుక చాలును. పెంటఎరువు వేయరాదు. గాలి సోకని చోట అది కుళ్ళి, మురిగిన గుడ్ల వాసనగల హైడ్రోజన్ సల్ఫైడు పుట్టి వేళ్ళను నల్లబరచును. వాలిస్నేరియాను నాటునప్పుడు వేళ్ళు మాత్రమే ఇసుకలోనికి పోవలెను. ఆకులు మొలచు మొదలు పూడినచో కుళ్ళును. హైడ్రిల్లాకు జానెడు కొమ్మలను నాలుగైదు కలిపి గుచ్చిన చాలును. చెరువు నుండి తెచ్చిన మొక్కలను బాగుగా కడిగి, ఒక వారము వేరు బకెట్టులో ఉంచి చూడవలెను. వానిలో దాగివచ్చు తూనీగ పిల్లపురుగులు చిన్న చేపలను పట్టి తినును.

చేపలు, మొక్కలు ఒకదాని కొకటి తోడగు విధమును పరీక్షించిన వారిలో లండను రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్‌టన్ ముఖ్యుడు. ఆయన 1849లో రెండు బంగారుచేపలను, వాలిస్నేరియాను ఒక గాజుపాత్రలో ఉంచెను. కొంతకాలము బాగుగానే సాగెను గాని, రాలిన ఆకులు కుళ్ళి నీరు చెడుటకు ఆరంభించెను. అప్పుడాయన నత్తలను చేర్చగా అవి కుళ్ళిన ఆకులను తినివేసెను. వాని గుడ్లు చేపలకు ఆహారమయ్యెను. ఈ సంగతిని ఆయన 1850లో రసాయన సంఘమునకు నివేదించెను. మన విద్యార్థి నత్తలను నమ్ముకొనుటకంటె పండిన ఆకులను వారమున కొకసారి తీసివేయుట మేలు. చేపల మలము నుండి వచ్చు అమ్మోనియాను ఇసుకలోని సూక్ష్మజీవులు నైట్రైటుగా, పిమ్మట నైట్రేటుగా మార్చును. మొక్కలు అమ్మోనియాను, నైట్రేటును రెంటిని ఆహారముగా గ్రహించును. ఆ సూక్ష్మజీవులు నెలకొనుటకు మూడు నాలుగు వారములు పట్టును గనుక మొక్కలు వేళ్ళూనిన తరువాతనే చేపలను విడువవలెను. 50 లీటర్ల తొట్టికి అయిదారు చిన్న పరిగెలు చాలును. బంగారుచేపలు లేతమొక్కలను పెకలించును గనుక ఆరంభములో వద్దు.

పై చేపలు ఉదయముననే ఏల చచ్చెను? రాత్రివేళ మొక్కలును శ్వాసించి ఆమ్లజనిని ఖర్చుచేయును. తెల్లవారుజామున నీటిలో ఆమ్లజని కనిష్ఠముగా ఉండును. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆమ్లజని కరుగగా, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే కరుగును. ఎండాకాలపు భువనగిరిలో మూసిన తరగతి గది ఎంత కాగునో వేరుగా చెప్పనక్కరలేదు. పైగా కుళ్ళుచున్న ఆకులపై సూక్ష్మజీవులు ఆ కొద్దిపాటి ఆమ్లజనిని పంచుకొనును. వేసవిలో చేపల సంఖ్యను తగ్గించి, తొట్టిచుట్టు తడిగుడ్డ చుట్టి, గాలి మర కలిగినచో రాత్రియందు నడుపవలెను. సెలవులలో తాళము వేసిన గదిలో తొట్టిని వదలుట కంటె చేపలను ఎవరైన విద్యార్థి ఇంటికి పంపుట మంచిది.

లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రము పచ్చగా ఉన్నచో ఇనుము కొరత అని అనుమానింపవచ్చును. ముదురు ఆకులు ముందుగా పసుపుబారినచో నత్రజని చాలలేదు. చేపలు లేని తొట్టిలో ఇది సాధారణము.

మొక్కలు బాగుగా పెరిగిన తొట్టిలో నెలకొకసారి కొమ్మలు కత్తిరింపవలసి వచ్చును. వానిని చెరువులోను, కాలువలోను వేయరాదు. 1950ల ఆరంభములో అక్వేరియం వ్యాపారము ద్వారా అమెరికాలోని ఫ్లోరిడాకు చేరిన ఈ హైడ్రిల్లాయే అచ్చటి సరస్సులను, కాలువలను ఆక్రమించినది. దుకాణములో కొన్న విదేశీ మొక్కలు మన చెరువులలో అట్లే చేయవచ్చును. దక్షిణ అమెరికా నుండి వచ్చిన గుర్రపుడెక్క చేసిన పని కళ్ళ ఎదుటనే ఉన్నది. కత్తిరించిన ముక్కలను ఎండలో పూర్తిగా ఎండబెట్టి పాఠశాల ఎరువుగుంటలో వేయవలెను.