రంపానికి రెక్కలు

అల్యూమినియం కిటికీలు చేసే షాపు ముందునుంచి పోతుంటే చెవులు చిల్లులు పడే చప్పుడు వినే ఉంటరు. పైనుంచి కిందికి వంగి కోసే ఆ గుండ్రటి రంపాన్ని మైటర్ సా అంటరు. కట్టె కోసేదాంట్ల బ్లేడు ఎక్కువగా 10 అంగుళాలు, అంటే 254 మి.మీ. ఉంటది. సిద్దిపేటల మా ఇంటెనుక రేకుల షెడ్డుల, వడ్లపని చేసే మా మామ కోసం దాని చుట్టూ ఒక బల్ల కట్టినం. మిషన్ కొన్నాక బల్లెందుకని నేనడిగితే, "రంపం గాదురా, కట్టె కదలకుండ నిలవాలె" అన్నడు మామ.

ఆ మాటల మన స్టాటిక్స్ అంతా ఉంది. దర్వాజకు వాడే 5×3 అంగుళాల టేకు చెక్క ఏడు ఫీట్లదైతే పది కిలోలు దాటుతది. మిషన్ బెడ్డేమో చిన్నది. అందుకే అటూ ఇటూ 18 మి.మీ. ప్లైవుడ్‌తోని రెక్కలు కట్టాలె. షెడ్డుల వాన జల్లు పడ్తది కాబట్టి ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న ప్లైవుడ్ మేలు.

రెక్కల ఎత్తే అసలు సంగతి. రెక్క బెడ్డుకన్నా ఎత్తుంటే చెక్క రెండు కొసల మీద ఆని, నడుమ గాలిల ఉంటది. బ్లేడు కోస్తుంటే నడుమ కిందికి వంగుతది. పై అంచు కంప్రెషన్‌ల పడి కోత మూసుకుంటది, బ్లేడును పట్టేస్తది. చెక్క ఎగిరేది, వేళ్లు పోయేది అప్పుడే. వెంట్రుకంత తక్కువున్నా పర్వాలేదు, ఎక్కువ మాత్రం ఉండొద్దు. నేలకు రసమట్టం పెట్టి చూసుడు దండుగ, వాన నీళ్లు పోవాలని మన వాకిళ్లకు ఎట్లాగూ వాలు పోస్తరు. మేస్త్రీలు ప్లాస్టరింగ్‌ల వాడే పొడుగు అల్యూమినియం పట్టెను బెడ్డు మీద, రెక్కల మీద కలిపి ఆనించి, మిషన్ కింద బోల్టులు తిప్పుకుంట సరిచేసినం.

ఇగ కోణం. ఒక ఫ్రేముకు నాలుగు మూలలు, ఎనిమిది కోతలు. ప్రతి 45 డిగ్రీల కోత పావు డిగ్రీ ఒకే దిక్కు తప్పితే, మొదటి మూడు మూలలు బిగించినంక ఆఖరి మూల కాడ 2 డిగ్రీలు కనిపిస్తది. 100 మి.మీ. వెడల్పు చెక్కకు అది దాదాపు 5 మి.మీ. సందు. లప్పం పెట్టి ఎంతని దాస్తం? 90 డిగ్రీలు చూసుకోనీకి మూలమట్టం కూడ అక్కర్లేదు. అంచులు సమానంగున్న పలకను కోసి, ఒక ముక్కను తిరగేసి, రెండూ ఫెన్స్‌కు ఆనించి కలపండి. కనిపించే సందు అసలు తప్పుకు రెండింతలు.

ఒకే కొలత ముక్కలు కావాలంటే స్టాప్ బ్లాక్ ఒక్క దిక్కే పెట్టాలె. రెండు దిక్కులా పెడితే కోసిన ముక్కకు జరగనీకి జాగ ఉండదు, బ్లేడుకు అడ్డం పడ్తది. బ్లాక్ కింది అంచును కొంచెం చెక్కితే పొట్టు చేరి కొలత మారదు.

పొట్టు ఎక్కువగా బ్లేడు ఎనుకకే ఎగుస్తది. అందుకే ఎనుక రేకుతోని డబ్బా లెక్క కట్టి, వాక్యూమ్ పైపు పెట్టినం. కట్టె ధూళి క్యాన్సర్ తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగమే తేల్చింది. మామ తువ్వాల చాలంటడు. నేను మాస్కులు తెచ్చి బల్ల సొరుగుల పెట్టిన. ప్లగ్ విషయంల మాత్రం ఎదురు చెప్పలేదు. 1800 వాట్ల మిషన్ 230 వోల్టుల కాడ దగ్గర దగ్గర 8 ఆంపియర్లు గుంజుతది, 6 ఆంపియర్ల సాకెట్ ఏం ఆగుతది? 16 ది వేరే వైరుతోని వేయించినం.