మాట ఆగింది, కాల్ తెగలేదు

‘హలో... వినిపిస్తోందా?’ అని నాలుగుసార్లు అడిగి, విసిగి మనమే ఫోన్ పెట్టేస్తాం. లెక్కల్లో అది కాల్ డ్రాప్ కాదు. వినియోగదారుడే ముగించిన మామూలు కాల్.

కిటుకు ‘రేడియో లింక్ టైమౌట్’ అనే సెట్టింగులో ఉంది. 2జీలో కాల్ నడుస్తున్నంతసేపూ టవర్ నుంచి దాదాపు అర సెకనుకొక నియంత్రణ సందేశం ఫోనుకు వస్తుంటుంది. అది అందకపోతే ఫోన్‌లోని కౌంటర్ ఒకటి తగ్గుతుంది, అందితే రెండు పెరుగుతుంది. సున్నాకు చేరితే కాల్ తెగుతుంది. కౌంటర్ గరిష్ఠ విలువను ఆపరేటరే నిర్ణయిస్తారు. 64 పెడితే, సిగ్నల్ పూర్తిగా పోయినా సుమారు 30 సెకన్లు కాల్ తెగదు. అంతసేపు ఎవరు ఆగుతారు? లిఫ్టులో క్షణం పోయిన సిగ్నల్ తిరిగొచ్చేదాకా కాల్‌ను నిలపడానికి ఈ సెట్టింగు అవసరమే. డ్రాప్‌లను దాచడానికి వాడితేనే పేచీ.

కాల్ డ్రాప్‌కు రూపాయి చొప్పున, రోజుకు మూడింటి వరకు పరిహారం ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015లో ఆదేశించింది. 2016 మేలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2 శాతం డ్రాప్‌లను ట్రాయే అనుమతిస్తూ, ఆ హద్దులో ఉన్న కంపెనీనీ చెల్లించమనడం ఏమిటన్నది ప్రధాన అభ్యంతరాల్లో ఒకటి.

2017లో ట్రాయ్ కొలమానం మార్చింది. అంతకుముందు సర్కిల్ మొత్తానికీ ఒకే సగటు. మనకైతే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిసి ఒకే సర్కిల్! అప్పటి కొత్త పద్ధతిలో 90 శాతం సెల్స్‌లో, 90 శాతం రోజుల్లో డ్రాప్‌లు 2 శాతం మించకూడదన్నారు. సగటు చాటున దాక్కున్న బలహీన టవర్లు దాంతో కొంత బయటపడే వీలు కలిగింది. మూగబోయాక మనమే పెట్టేసిన కాల్ మాత్రం ఆ లెక్కలోనూ డ్రాప్ కాలేదు.