స్మార్ట్ టీవీ: తెరను, లోపలి కంప్యూటర్‌ను పరీక్షించి కొందాం

ఇంట్లో టెలివిజన్ ఉండవచ్చునా, ఉండకూడదా అన్న చర్చ ఒకప్పుడు మన కుటుంబాలలో ఘాటుగానే సాగింది. నేడు అనేక గృహాలలో ఆ చర్చ ముగిసి, గోడమీదికి టీవీ వచ్చి చేరింది. పెద్దలు మక్కా, మదీనాల ప్రత్యక్ష ప్రసారాలు చూస్తున్నారు. పిల్లలు పాఠాలు వింటున్నారు. వార్తలు, క్రికెట్ సరేసరి. అయితే పాతిక, ముప్పై వేల రూపాయలు వెచ్చించి తెచ్చుకునే ఈ వస్తువును ఎలా పరీక్షించాలన్న విషయంలో మాత్రం మనం ఇంకా దుకాణదారు మాటమీదే ఆధారపడుతున్నాం.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి అంగడిలో ధాన్యపు కుప్పలోకి చెయ్యి పెట్టి చూశారనీ, పైనున్న పొడి గింజల అడుగున తడి తగిలిందనీ మనందరం విన్న ఉదంతమే. లోపాన్ని దాచవద్దన్నది అందులో అమ్మేవారికి హెచ్చరిక. కుప్ప లోపలికి చెయ్యి పెట్టి చూడాలన్నది కొనేవారికి పాఠం.

స్మార్ట్ టీవీలో పైకి కనిపించేది ధగధగలాడే బొమ్మ. దాని వెనుక రెండు వేర్వేరు వస్తువులున్నాయి. ఒకటి తెర, రెండోది చిన్న కంప్యూటర్. ఈ రెండింటి ఆయుష్షు ఒకటి కాదు. మంచి తెర ఎనిమిది, పదేళ్లు పనిచేయగలదు. కంప్యూటర్ నాలుగైదేళ్లకే మందగించవచ్చు. 2010, 2011 నాటి కొన్ని శామ్‌సంగ్ టీవీలలో 2019 డిసెంబరు నుంచి నెట్‌ఫ్లిక్స్ రావడం ఆగిపోయింది. ఆ తెరలు చెడిపోలేదు, లోపలి సాంకేతికతకు కాలం చెల్లింది. అందువల్ల మేము ముందుగా చెప్పదలచినది ఒక్కటే: డబ్బు తెరమీద పెట్టండి. కంప్యూటర్ పాతబడితే కొన్ని వేల రూపాయల స్ట్రీమింగ్ స్టిక్‌ను తగిలించి పని జరుపుకోవచ్చు. తెర నాసిరకమైతే దానికి మందు లేదు.

దుకాణంలో తెరను చూసే పద్ధతి

దుకాణాలలో టీవీలను సాధారణంగా ‘వివిడ్’ అనే అమరికలో ఉంచుతారు. రంగులను, వెలుగును అవసరానికి మించి పెంచే అమరిక అది. ఆడించే దృశ్యాలు కూడా తెర గొప్పగా కనిపించడానికే ప్రత్యేకంగా తీసినవి. కనుక అమరికను ‘స్టాండర్డ్’కు గాని ‘సినిమా’కు గాని మార్చమని అడగాలి. తర్వాత మామూలు వార్తా ఛానల్ ఒకటి పెట్టించాలి. వెంట ఒక పెన్‌డ్రైవ్‌లో మన ఇంటి వేడుకల వీడియో తీసుకెళితే మరీ మంచిది. మనకు తెలిసిన ముఖాల రంగు తెరమీద సహజంగా ఉందో లేదో మన కన్ను ఇట్టే పసిగడుతుంది.

ఆ పైన పక్కకు జరిగి చూడాలి. మన ఇళ్లలో అందరూ తెరకు ఎదురుగా ఒకే సోఫాలో కూర్చోరు. ఒకరు దివాన్‌మీద, ఒకరు చాపమీద, ఇంకొకరు వంటగది గుమ్మంలో ఉంటారు. ఎల్‌సీడీ తెరలలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. ‘ఐపీఎస్’ రకం తెర పక్కనుంచి చూసినా రంగు అంతగా మారదు, కాని నలుపు బూడిదరంగులా కనిపిస్తుంది. ‘వీఏ’ రకంలో నలుపు చిక్కగా ఉంటుంది, పక్కనుంచి చూస్తే మాత్రం రంగు వెలవెలబోతుంది. తెలుపుకు, నలుపుకు మధ్య వెలుగు తేడా ఐపీఎస్‌లో సుమారు వెయ్యి రెట్లు, వీఏలో మూడు వేల రెట్లు, ఆపైన ఉంటుంది. పగటి వెలుతురున్న హాలులో నలుగురూ తలోవైపు కూర్చుని చూసే ఇంటికి ఐపీఎస్, రాత్రివేళ దీపాలు తగ్గించి ఎదురుగా కూర్చుని చూసే ఇంటికి వీఏ నప్పుతాయి.

అంకెల వెనుక ఉన్న వాస్తవం

పెట్టెమీద పెద్ద అక్షరాలతో ఉండే మాట ‘4కె’. అంటే అడ్డంగా 3840, నిలువుగా 2160, మొత్తం దాదాపు 83 లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డీలో ఉండేవి సుమారు 21 లక్షలే. అయితే డిష్ ద్వారానో కేబుల్ ద్వారానో మనకు వచ్చే ఛానళ్లలో అధికభాగం ఈ స్థాయివి కావు. తక్కువ చుక్కల బొమ్మను టీవీయే సాగదీసి తెర నిండా పరుస్తుంది. ఆ పనిని అది ఎంత శుభ్రంగా చేస్తున్నదో చూడటమే అసలు పరీక్ష. వార్తా ఛానల్ అడుగున పరుగెత్తే అక్షరాల అంచులు చెదిరిపోతున్నాయా? మాట్లాడుతున్న వ్యక్తి ముఖం మైనపు బొమ్మలా నునుపుగా మారుతున్నదా? అలా ఉంటే ‘4కె’ ముద్ర మనకు ఒరగబెట్టేది తక్కువ.

‘హెచ్‌డీఆర్’ విషయమూ ఇంతే. వెలుగునీడల తేడాను మరింత గొప్పగా చూపే విధానమిది. తెర వెలుగును ‘నిట్స్’లో కొలుస్తారు. హెచ్‌డీఆర్ కంటికి తెలియాలంటే ఆరువందల నిట్స్ అయినా ఉండాలి. చౌక టీవీలలో ఉండేది చాలావరకు రెండు, మూడు వందలే. అవి హెచ్‌డీఆర్ సంకేతాన్ని స్వీకరిస్తాయి, చూపలేవు. అలాగే ‘మోషన్ 120’ వంటి పేర్లు చూసి మురిసిపోరాదు. తెర నిజంగా సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను మారుస్తుందో తెలిపేది వివరాల పట్టికలోని ‘రిఫ్రెష్ రేట్’. చాలా టీవీలలో అది 60 హెర్ట్జ్. ఇంటి వాడకానికి అది సరిపోతుంది. లేనిదానికి ధర చెల్లించకుండా జాగ్రత్తపడితే చాలు.

సైజు విషయంలో ఒక లెక్క గుర్తుంచుకుందాం. తెర ఒక మూలనుంచి ఎదుటి మూలకు ఎన్ని అంగుళాలో దానికి ఒకటిన్నర రెట్ల దూరంలో కూర్చోవడం సుఖం. 43 అంగుళాలకు అది దాదాపు అయిదున్నర అడుగులు, 55కు ఏడడుగులు.

లోపలి కంప్యూటర్

దీనిని పరీక్షించడానికి సాంకేతిక జ్ఞానం అక్కరలేదు. యూట్యూబ్ తెరవండి, మధ్యలో వదిలి మరో యాప్‌లోకి వెళ్లండి, మళ్లీ వెనక్కి రండి. రిమోట్ మీట నొక్కిన తర్వాత తెర కదలడానికి సెకన్లు లెక్కపెట్టవలసి వస్తే, కొత్తలోనే అలా ఉన్నది రెండేళ్ల తర్వాత ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ర్యామ్ రెండు జీబీకి తగ్గరాదు. స్టోరేజీ ఎనిమిది జీబీ అయితే అందులో పెద్దభాగం టీవీ సొంత అవసరాలకే పోతుంది, పదహారు మేలు.

మరీ చౌకగా దొరికే కొన్ని టీవీలలో టీవీ కోసం రూపొందించిన ఆండ్రాయిడ్ కాక, ఫోన్ల ఆండ్రాయిడ్‌ను అమర్చుతారు. వాటిలో కొన్ని యాప్‌లు రావు, వచ్చినా బొమ్మ హెచ్‌డీ స్థాయిలో ఉండదు. మన ఇంట్లో ఏ యాప్ చూస్తామో దానిని దుకాణంలోనే తెరిపించి చూడాలి. వైఫై 5 గిగాహెర్ట్జ్‌ను అందుకుంటుందా అని కూడా అడగాలి. 4కె ప్రసారానికి నెట్‌ఫ్లిక్స్ సూచించే వేగం 15 ఎంబీపీఎస్.

పలుచని టీవీలలో స్పీకర్లకు చోటు తక్కువ, శబ్దం కిందికో వెనక్కో పోతుంది. వినికిడి తగ్గిన అమ్మీ, అబ్బాలకు ప్రసంగంలోని మాటలు స్పష్టంగా వినిపించాలి. కనుక సంగీతం కాక, ఒక మనిషి మాటలు పెట్టి వినండి. ‘ఏఆర్‌సీ’ అని రాసివున్న హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే తర్వాత సౌండ్‌బార్ కలుపుకోవడం తేలిక.

మనల్ని గమనించే టీవీ

స్మార్ట్ టీవీలలో చాలావాటికి తెరమీద ఏమి ఆడుతున్నదో గుర్తించి, ఆ సమాచారాన్ని కంపెనీకి పంపే ఏర్పాటు ఉంటుంది. ప్రకటనల వ్యాపారానికి అది పెట్టుబడి. అమెరికాలో విజియో సంస్థ కోటి పది లక్షల టీవీలనుంచి అనుమతి లేకుండా ఇలా సమాచారం సేకరించిందన్న అభియోగంపై 2017లో 22 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడింది. మన ఇంటి వారు ఏ వేళ ఏమి చూస్తారన్నది ఇంటి గుట్టు. టీవీని మొదటిసారి అమర్చేటప్పుడు వరుసగా వచ్చే ప్రశ్నలన్నింటికీ ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కుకుంటూ పోకూడదు. వీక్షణ సమాచారం, ప్రకటనలు అన్న అంశాలను సాధారణంగా తిరస్కరించవచ్చు, టీవీ మామూలుగానే పనిచేస్తుంది. ఇప్పటికే అంగీకరించి ఉంటే సెట్టింగ్స్‌లోని ‘ప్రైవసీ’ విభాగంలోకి వెళ్లి ఆపవచ్చు. కెమెరా ఉన్న టీవీ అయితే వాడనప్పుడు దానిని మూసి ఉంచాలి.

పిల్లలున్న ఇంటికి ఇంకొక చిక్కు ఉంది. టీవీ వేయగానే, మనం ఏదీ ఎంచుకోకముందే, మొదటి తెరమీద సినిమాల పోస్టర్లు బారులు తీరుతాయి. వాటిని ఎంపిక చేసేది మనం కాదు. గూగుల్ టీవీలో ‘యాప్స్ ఓన్లీ’ అనే అమరిక ఈ ప్రదర్శనను చాలావరకు తగ్గిస్తుంది. పిల్లలకు విడిగా ప్రొఫైల్ పెట్టి, అందులో మనం అనుమతించిన యాప్‌లు మాత్రమే ఉంచి, సమయానికి హద్దు విధించవచ్చు. పెద్దల ప్రొఫైల్‌కు పిన్ తప్పనిసరి. కొనేముందు ఈ సదుపాయాలు ఉన్నాయా అని అడగడం, బొమ్మ నాణ్యతను అడగడమంత అవసరం.

చెల్లింపు, రసీదు

32 అంగుళాలకు మించిన టీవీలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం కాక 18 శాతమే. పాత ధర చూపి ‘తగ్గింపు’ అంటే ఈ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్న మాట మన పాఠకులను ప్రత్యేకంగా ఆలోచింపజేయాలి. సున్నా వడ్డీ అనేది అసలు లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే స్పష్టం చేసింది. క్రెడిట్ కార్డు వాయిదాలలో సాధారణంగా జరిగేదేమంటే, వడ్డీ మొత్తాన్ని ధరలో తగ్గింపుగా చూపి, వాయిదాలలో దానిని బ్యాంకు వడ్డీగానే వసూలు చేస్తుంది. ఆ వడ్డీమీద జీఎస్టీ కూడా పడుతుంది. కార్డు స్టేట్‌మెంటులో ‘వడ్డీ’ అన్న పదం కనిపిస్తుంది. పేరు చూసి మోసపోక, ఒప్పందాన్ని చదివి, సందేహముంటే ధర్మవేత్తలను సంప్రదించి నిర్ణయించుకోవాలి. నాలుగు నెలలు ఆగి డబ్బు కూడబెట్టి కొన్నందువల్ల పోయేదేమీ లేదు.

పెట్టెను మెకానిక్ సమక్షంలోనే విప్పించి, వీడియో తీసి ఉంచుకోవాలి. తెరనిండా ఒకే రంగు వచ్చే బొమ్మలు పెట్టి, వెలగని చుక్కలున్నాయేమో వెతకాలి. గది చీకటి చేసి నల్లని బొమ్మ పెడితే అంచులనుంచి కారే వెలుగు బయటపడుతుంది. ప్రతి పోర్టునూ ఒకసారి వాడి చూడాలి. వాపసు గడువు ముగియకముందే ఇవన్నీ పూర్తి కావాలి. వారంటీలో తెర కూడా ఉందో లేదో రసీదు తీసుకునేటప్పుడే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. దుకాణమూ కంపెనీ మన మాట పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

ఈ పరీక్షలన్నింటికీ దుకాణంలో అరగంట, ఇంట్లో ఒక సాయంత్రం పడతాయి. కష్టార్జితంతో కొని ఇంటిల్లిపాది ముందూ ఏళ్ల తరబడి ఉంచబోయే వస్తువుకు అది ఎక్కువ సమయం కాదు.