గేదె మందు, మనిషి ఊపిరి

ముళ్ళతీగకి చన్ను చీరుకుపోయిన గేదెకి కుట్లు వెయ్యాలంటే మత్తివ్వక తప్పదు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు పల్లెల్లో పశువుల డాక్టరుగా తిరిగినన్నాళ్ళూ నా సంచీలో జైలజిన్ సీసా ఉండేది. ఒకటి రెండు మిల్లీలీటర్లు ఇస్తే చాలు, అంతటి ముర్రా గేదే తల వేలాడేసి, చొంగ కారుస్తూ కూలబడేది. కిలో బరువుకి లెక్కేస్తే గుర్రానికి పట్టే దాంట్లో పదో వంతే ఈ మోతాదు. నెలలు నిండుతున్న చూడి గేదెకి మాత్రం ఇచ్చేవాణ్ణి కాదు, ఈసుకుపోతుందని భయం.

పడుకున్నాక నా చూపు గాయం మీద కంటే డొక్క మీదే ఎక్కువ ఉండేది. ఊపిరి ఆడుతోందా, కడుపు ఉబ్బుతోందా, చొంగ గొంతులోకి జారకుండా మూతి కిందికి వాలి ఉందా అని. అది ఎప్పుడు లేస్తుందని రైతు తొందరపడేవాడు. నేను పడేవాణ్ణి కాదు.

ఈ మందుని జర్మనీలో బేయర్ కంపెనీ 1962లో తయారుచేసింది. మనుషుల రక్తపోటుకి పనికొస్తుందేమోనని చూశారు. బీపీ మరీ పడిపోయి, మత్తు ముంచేస్తుండటంతో పశువులకి వదిలేశారు. తర్వాత అదే అమెరికాలోని ఫిలడెల్ఫియా వీధుల్లో, నల్లమందు జాతి మత్తైన ఫెంటానిల్‌తో కలిసి మనుషుల నరాల్లోకి ఎక్కింది. 2023 ఏప్రిల్లో అమెరికా ప్రభుత్వం ఈ కలగలుపుని కొత్తగా తలెత్తిన ముప్పుగా ప్రకటించింది.

మా మేనకోడలు అక్కడ ఎమర్జెన్సీలో నర్సు. ఓ రాత్రి ఫోన్ చేసింది. "మావయ్యా, ఫెంటానిల్ ఎక్కించుకున్నవాడికి నాలక్సోన్ ఇచ్చాం, ఊపిరి అందుకున్నాడు. కానీ లేవట్లేదు. ఇంకో డోసు వెయ్యమని పక్కవాళ్ళ గోల."

ఊపిరి ఆడుతుంటే మళ్ళీ ఎందుకే అన్నాను. వాళ్ళ డాక్టర్లూ ఆ మాటే అన్నారట. ఫెంటానిల్‌కి విరుగుడు నాలక్సోన్, గుడివాడ బస్సెక్కి సీట్లో కూర్చున్న ఫెంటానిల్‌ని లేపి పంపేస్తుంది. జైలజిన్ ఎక్కింది బందరు బస్సు. అలాగని నాలక్సోన్ మానెయ్యకూడదు, ఊపిరిని ఆపేది ఎక్కువగా ఫెంటానిలే. ఊపిరి సరిపడా వచ్చేదాకా ఇవ్వాలి, కళ్ళు తెరిచేదాకా కాదు. అతిగా ఇస్తే వాంతులూ పెనుగులాటా. ఈలోగా మాస్కు, బ్యాగుతో గాలి కొట్టడం, ఆక్సిజన్, పక్కకి తిప్పి పడుకోబెట్టడం, షుగరూ బీపీ గుండె వేగమూ చూడటం. ఫెంటానిల్ ప్రభావం నాలక్సోన్ కంటే ఎక్కువసేపు నిలవొచ్చు, కాబట్టి తేరుకున్నవాణ్ణి వెంటనే ఇంటికి పంపరు.

"గేదెల్ని లేపడానికి మీ దగ్గర విరుగుడు ఉందిగా?" అనీ అడిగింది. ఉంది, యోహింబిన్. మనిషికి అది వాడమని చెప్పడానికి నాకు నోరు రాదు. ఆ వైద్యం మనుషుల మీద రుజువు కాలేదు.

2024 నుంచి ఫిలడెల్ఫియాలో జైలజిన్ స్థానంలోకి మెడెటోమిడిన్ వచ్చింది. అదీ పశువుల మత్తే, ఇంకా గట్టిది. దానికి అలవాటుపడ్డవాడు మానితే గంటల్లోనే బీపీ ఎగబాకి, వణుకు, ఆగని వాంతులు. ఐసీయూలో పెట్టి డెక్స్‌మెడెటోమిడిన్ ఎక్కించి నెమ్మదిగా దించుతున్నారు. ఇది మెడెటోమిడిన్‌కి తోబుట్టువే. మన ఆసుపత్రుల్లో వెంటిలేటర్ మీదున్నవాళ్ళకీ ఇస్తారు.

ఇదంతా అమెరికా గొడవ అనుకోనక్కర్లేదు. మా చదువుల కాలంలో గుర్రాలకీ పెద్ద పశువులకీ మత్తంటే క్లోరల్ హైడ్రేటే. దాన్నే తెలుగునాట కల్లులో కలిపారు. తర్వాత అల్ప్రాజోలం, డైజిపామ్ వచ్చాయి. 2015లో నిజామాబాద్ వైపు కల్తీ కల్లు కట్టడి చెయ్యగానే తాగేవాళ్ళు ఫిట్స్‌తో, మతి చలించి ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో అదే కల్తీ ప్రాణాలు తీసింది. ఈ మత్తుకి నాలక్సోన్ పనిచెయ్యదు. అల్ప్రాజోలానికి ఫ్లూమాజెనిల్ అనే విరుగుడున్నా, ఏళ్ళ తరబడి అలవాటున్న మనిషికి ఇస్తే ఫిట్స్ రావొచ్చని డాక్టర్లు జంకుతారు. చివరికి ఇక్కడా ఊపిరినే కాపాడుకోవాలి.

మా దివిసీమ లంకల్లో ఎవరైనా ఇలా పడిపోయి ఉంటే మజ్జిగ పట్టొద్దు, నీళ్ళు కొట్టి లేపాలని చూడొద్దు. పక్కకి తిప్పి, 108కి ఫోన్ చేసి, రొమ్ము కదులుతోందేమో చూస్తూ కూర్చోండి. ఆగిపోతే, చేతనైనవాళ్ళు నోటితో ఊపిరి ఊదాలి. గుడివాడ తీసుకెళ్ళినా, బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళినా డాక్టరు మొదట అడిగేది ఏం తీసుకున్నాడనే. పోలీసు కేసవుతుందని ఇంటివాళ్ళు అక్కడే తడబడతారు. పక్కన సీసా గానీ, మాత్రల అట్ట గానీ, కల్లు ప్యాకెట్ గానీ దొరికితే కాలవలో పారెయ్యకుండా వెంట తీసుకెళ్ళండి.