బయోడేటాలో సర్టిఫికెట్లు ఎలా వ్రాయాలి?

మన సంఘాలలో బిడ్డను నర్సింగ్ చదివించిన కుటుంబాలు చాలా ఉన్నాయి. కూలి చేసి, అప్పు తెచ్చి చదివిస్తారు. తీరా ఉద్యోగానికి బయోడేటా పంపవలసిన నాడు మూడేళ్ల కష్టము "జి.ఎన్.ఎం. పాస్" అన్న ఒక్క ముక్కతో ముగుస్తుంది. మేము చూచిన బయోడేటాలలో ఎక్కువ భాగము ఇలాంటివే.

జి.ఎన్.ఎం. డిప్లొమా చదువు పూర్తయినదని మాత్రమే చెబుతుంది. నర్సుగా పనిచేయుటకు అర్హత నిచ్చేది రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. ఆసుపత్రివారు మొదట వెదికేది అదే. కాబట్టి పేరు, ఫోను నంబరు క్రిందనే రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరము, గడువు వ్రాయాలి. 2014లో తెలంగాణ వేరైనది గనుక ఏ రాష్ట్ర కౌన్సిలో కూడ చెప్పాలి.

చిన్న శిక్షణలకు తేదీ తప్పనిసరి. గుండె ఆగిన మనిషిని బ్రతికించే శిక్షణకు అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చే బి.ఎల్.ఎస్. కార్డు రెండేళ్లే చెల్లుతుంది. గడువు తీరిన కార్డును తేదీ లేకుండా చూపడము మాకు అబద్ధముగానే తోస్తుంది. "ఇంత చిన్న సంగతికా?" అనే పెద్దలున్నారు. ఒట్టు పెట్టుకొనుటను గూర్చి మత్తయి 5వ అధ్యాయములో ప్రభువు చెప్పినది ఇలాంటి చిన్న సంగతులకే గదా! పరీక్ష ఇంకా వ్రాయని కోర్సు ఉంటే "చదువుచున్నాను" అని వ్రాస్తే అవమానమేమీ లేదు.

మన ఇళ్లలో మరొక చిక్కు పేరుతో వస్తుంది. సంఘములో మరియమ్మ, బడి రిజిస్టరులో లక్ష్మి, పెళ్లయ్యాక ఇంటిపేరు వేరు. బయోడేటాలో పదవ తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరే అక్షరము పోకుండా వ్రాయాలి. చట్టప్రకారము పేరు మార్చుకొని ఉంటే ఆ గెజిట్ కాగితము జతపరచాలి. గల్ఫ్ దేశాలలో నర్సు లైసెన్సు ఇచ్చేముందు, సర్టిఫికెట్ ఇచ్చిన చోటనే విచారిస్తారు. పేర్లు కలవకపోతే నెలల తరబడి ఆగిపోవచ్చు.

ఇక పాస్టరుగారి ఉత్తరము. మిషను ఆసుపత్రులకు వెళ్లేవారు అడుగుతారు, సంతోషముగా ఇస్తాము. రోమా 16వ అధ్యాయములో పౌలు ఫీబేను సిఫారసు చేసినప్పుడు ఆమె సంఘము పేరు, ఆమె చేసిన సహాయము చెప్పాడు. మేము కూడ చూచినదే వ్రాయగలము. అది నడవడికకు సాక్ష్యమే గాని రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. అందుకే ఉత్తరము కొరకు వచ్చే బిడ్డలు ఆ కాగితములు కూడ వెంట తెచ్చుకోవాలి. ఆరాధన అయ్యాక కూర్చుని, పేరు, నంబరు, తేదీలు సరిచూచి సంతకము చేస్తాము.