ఎండ చదువు, మనిషి చదువు

ఎండ ఎంత కాస్తుందో భౌతికశాస్త్రం చెబుతుంది. ఆ ఎండలోనే కూలివాడు పనికెందుకు పోతాడో చెప్పాలంటే అర్థశాస్త్రం కావాలి. 2015 మే నెల వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,000 మందికి పైగా చనిపోయారు. హెచ్చరిక విన్నా, కూలికి పోకపోతే పొయ్యిలో పిల్లి లేవదాయె!

ఈ రెండు చదువులనూ ఒకే తరగతిలో కలపాలని అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయం 2004లో ‘శీతోష్ణస్థితి - సమాజం’ అనే 12 నెలల ఎం.ఏ. కోర్సు పెట్టింది. శాస్త్రజ్ఞుడి అంచనా రైతుకూ, వైద్యుడికీ, అధికారికీ పనికొచ్చేట్టు చెయ్యడమే దాని సారాంశం.

అహమదాబాదు నగరం 2013లో మొదలెట్టిన వేసవి ప్రణాళికలోనూ ఈ కలయికే ఉంది: ముందస్తు హెచ్చరిక, ఆసుపత్రుల్లో తర్ఫీదు, మంచినీళ్ల ఏర్పాటు.

మరి మన సైన్సు బ్లాకుకీ ఆర్ట్సు బ్లాకుకీ మధ్య దారి ఎప్పుడు పడుతుందో!